పాతది పిరం, కొత్తది అగ్గువ: మా ఊరి కంప్యూటర్ గది డైరీ

జూన్ 15, 2025, ఆదివారం

పొద్దున తొమ్మిదింటికి టాటా ఏస్ వచ్చి హన్మకొండలోని మా ఇంటి ముందు ఆగింది. తొమ్మిది సీపీయూలు, ఎనిమిది మానిటర్లు, ఒక గోనెసంచి నిండా కీబోర్డులు. హన్మకొండలో ఒక కాలేజీ వాళ్ళు ల్యాబ్ మార్చుకుంటూ వీటిని తుక్కు కింద తీసేస్తున్నారని తెలిసి, పోయి అడిగి, కాగితం మీద రాయించుకుని తెచ్చుకున్నవి ఇవి.

పరకాల అవతల మా ఊళ్ళో యువజన సంఘం భవనంలో ఒక గది ఏళ్ళ తరబడి ఖాళీగా ఉంది. ఎప్‌సెట్ మాక్ టెస్టు రాయాలన్నా, స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపాలన్నా పిల్లలు పరకాల నెట్ సెంటర్‌కే పోవాలి. దరఖాస్తులాంటివి ఫోన్‌లో ఎట్లాగో అవుతాయి గానీ మూడు గంటల పరీక్ష ఫోన్‌లో రాయడం అయ్యే పని కాదు. అందుకే ఈ గది. ఇంటింటికీ తిరిగి పోగుచేసిన చందా 12,000 రూపాయలు. ప్రతి రూపాయికీ ఊరికి లెక్క చెప్పాలి కాబట్టి ఈ డైరీ రాస్తున్నాను.

నేను పాలిటెక్నిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. సాయానికి మా అన్న కూతురు, నా మేనకోడలు, వచ్చింది. ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. స్క్రూలు ఎక్కడివి అక్కడే సీసా మూతల్లో వేసి పేరు రాసి పెట్టింది. చెప్పకుండానే.

సాయంత్రం దాకా మూతలు విప్పి, బ్లోయర్‌తో దుమ్ము కొట్టి, బోర్డుల లెక్క రాసుకున్నాం. ఆరింటిలో ఇంటెల్ జీ31 చిప్‌సెట్ (బోర్డు మీది భాగాలను కలిపే ప్రధాన చిప్‌లు) ఉన్న మదర్‌బోర్డులు, ఒక్కోదానిలో 1 జీబీ డీడీఆర్2 ర్యామ్. ర్యామ్ అంటే పని నడుస్తున్నంతసేపు కంప్యూటర్ వాడుకునే తాత్కాలిక జ్ఞాపకం, స్టిక్ అనే సన్నటి పట్టీగా వస్తుంది. డీడీఆర్ పక్కన ఉన్న అంకె దాని తరం. రెండింటిలో జీ41 బోర్డులు, 2 జీబీ డీడీఆర్3. మిగిలిన ఒక్కటి హెచ్61 బోర్డు, రెండో తరం ఐ3 ప్రాసెసర్. దాంట్లోనూ ఉన్నది 2 జీబీయే.

విండోస్ 10కి ఈ అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోతుంది. 11 వీటిలో అధికారికంగా ఎక్కదు. కాబట్టి విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్, అందులో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం. అది 2 జీబీలో నడుస్తుంది గానీ బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరవగానే ఆయాసపడుతుంది. 4 జీబీ ఉంటే హాయిగా ఉంటుంది. అన్నిటికీ 4 జీబీ చేయడమే మా పని. ర్యామ్ చిన్న ఖర్చే అనుకుంటూ నిద్రపోయాను.

జూన్ 17, మంగళవారం

డ్యూటీ అయ్యాక హన్మకొండ చౌరస్తా దగ్గర నేనెప్పుడూ కొనే షాపుకు పోయాను. కోడలు కూడా వచ్చింది. రేట్లు అడిగి రాసుకున్నాం. అన్నీ వాడి తీసినవే, టెస్ట్ చేసినవి.

డీడీఆర్2, 2 జీబీ: 350. డీడీఆర్3, 2 జీబీ: 250. డీడీఆర్3, 4 జీబీ: 450. డీడీఆర్3, 8 జీబీ: 950. డీడీఆర్2లో 4 జీబీ స్టిక్ ఉందా అని అడిగితే "లేదక్కా, తెప్పిస్తే 1,800 అయితది" అన్నాడు.

కోడలు కాగితం చేతిలోకి తీసుకుని భాగహారం చేసింది. డీడీఆర్3లో 8 జీబీ కొంటే జీబీకి 119 పడుతుంది. డీడీఆర్2లో 2 జీబీ అయితే 175. డీడీఆర్2లో 4 జీబీ స్టిక్ అయితే జీబీకి 450.

"గదేంది అత్తమ్మా, పాతది అగ్గువ ఉండాలె గదా?"

షాపు అన్న నవ్వలేదు. "దొరికితే గద బిడ్డా అగ్గువ ఉండేది" అన్నాడు.

ఆయన చెప్పింది సగం జవాబు. మిగతా సగం నాకు ఇన్నేళ్ళ పనిలో ముక్కలు ముక్కలుగా తెలుసు. దానికి వరసగా చెప్పాలంటే ముందు నేను వరసగా ఆలోచించుకోవాలి.

ఒకటి అప్పుడే చెప్పగలిగాను. స్టిక్ పాత మెషీన్‌లోంచి తీయడం, తుడవడం, బోర్డులో పెట్టి టెస్ట్ చేయడం, కవర్లో వేసి వారెంటీ స్టిక్కర్ అంటించడం, 1 జీబీ అయినా 8 జీబీ అయినా పని ఒకటే. ఆ కూలి 1 జీబీ స్టిక్ మీద మొత్తం పడుతుంది. 8 జీబీ మీద ఎనిమిది వాటాలవుతుంది. చిన్న పొట్లం ఎప్పుడూ పిరమే.

షాపులో డీడీఆర్2 రెండు జీబీవి నాలుగే ఉన్నాయి. నాలుగూ తీసుకున్నాను, 1,400. ఆరు జీ31 మెషీన్లకు రెండేసి చొప్పున ఇంకా ఎనిమిది కావాలి.

జూన్ 22, ఆదివారం

ఇవాళ కొనుగోళ్ళు లేవు. టేబుల్ మీద పాత బట్ట పరిచి కోడలికి స్టిక్‌లు చూపించడంతోనే సగం రోజు పోయింది. అయినా ఆ సగం రోజు వృథా కాలేదు.

డీడీఆర్2, డీడీఆర్3 స్టిక్‌లు రెండూ పక్కపక్కన పెట్టాను. రెండింటికీ బంగారు రంగు కాళ్ళు 240. పొడవూ ఒకటే. దూరం నుంచి చూస్తే కవల పిల్లలు. తేడా అంతా కింద ఉన్న గాట్లో ఉంది. రెండింటినీ ఒకదానిమీద ఒకటి పెట్టి వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే, ఒకదాని గాటు ఇంకోదాని గాటుకు పక్కకు జరిగి కనిపిస్తుంది. ఆ గాటు ఊరికే పెట్టింది కాదు. డీడీఆర్2కి 1.8 వోల్టులు, డీడీఆర్3కి 1.5 వోల్టులు. ఒకదాని స్లాట్‌లో ఇంకోటి దూరకుండా అడ్డం అది. మొదటి డీడీఆర్‌కి కాళ్ళు 184, కరెంటు 2.5 వోల్టులు. ఇప్పుడొచ్చే డీడీఆర్4, డీడీఆర్5లకు కాళ్ళు 288, వోల్టులు 1.2, 1.1. తరం మారినప్పుడల్లా గాటు జరుగుతూనే ఉంది.

"మరి స్లాటే మార్పిస్తే?" అని అడిగింది. మంచి ప్రశ్న. స్లాట్ మారిస్తే సరిపోదు. ర్యామ్‌తో మాట్లాడే మెమరీ కంట్రోలర్‌కి ఆ భాష రావాలి. ఈ జీ31 బోర్డుల్లో కంట్రోలర్ మదర్‌బోర్డ్ మీది చిప్‌సెట్‌లో ఉంది. ఏఎండీ 2003లో, ఇంటెల్ 2008 నుంచి దాన్ని ప్రాసెసర్‌లోకే తీసుకెళ్ళిపోయాయి. ఎక్కడ ఉన్నా సంగతి ఒకటే: డీడీఆర్2 బోర్డు చచ్చేదాకా డీడీఆర్2నే అడుగుతుంది. మార్కెట్‌లో పక్కన ఎంత అగ్గువ సరుకున్నా దానికి పనికిరాదు.

తర్వాత రబ్బరు. కాళ్ళ మీద సన్నటి నల్లటి పొర పట్టి ఉంటుంది. పెన్సిల్ రబ్బరుతో ఒకే వైపుకు, పైనుంచి కాళ్ళ చివరికి, మెల్లగా తుడవాలి. అటూ ఇటూ రుద్దితే బంగారు పూత లేచిపోతుంది. రబ్బరు పొడి బ్రష్‌తో దులిపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో ఒకసారి తుడిచి, ఆరాక పెట్టాలి. నిన్నటిదాకా ఆన్ కాని ఒక మెషీన్ ఇంతమాత్రం సేవకే లేచి కూర్చుంది.

అట్లా తుడుస్తుండగా ఒక 1 జీబీ స్టిక్ మీద చిప్‌ల పేరు కోడలు కూడబలుక్కుని చదివింది: కిమోండా. జర్మనీ కంపెనీ, ఇన్ఫినియాన్ నుంచి విడివడింది. 2009లో దివాలా తీసింది. ఇంకోదాని మీద ఎల్పిడా, జపాన్ కంపెనీ. అది 2012లో దివాలా తీస్తే మరుసటి ఏడాది మైక్రాన్ కొనుక్కుంది. స్టిక్ నా చేతిలో పనిచేస్తూనే ఉంది, చేసిన కంపెనీ లేదు. "దొరికితే కదా" అన్న మాటకు అర్థం ఆ స్టిక్ మీదే రాసి ఉంది. డీడీఆర్2 పెద్ద ఎత్తున తయారవడం ఎప్పుడో ఆగిపోయింది. ఉన్న సరుకులో రోజూ కొంత కాలిపోతుంది, కొంత తుక్కులో పోతుంది. కొత్తగా వచ్చి చేరేది దాదాపు లేదు.

జూన్ 28, శనివారం

సెలవు పెట్టి కాజీపేటలో రైలెక్కాను. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అనే చోటు. ఇక్కడ లేని పాత సరుకు అక్కడ దొరుకుతుందని ఆశ.

రైల్లో జనగామ దాటేదాకా కోడలికి చెప్పాల్సిన రెండో ముక్క నోట్‌బుక్‌లో గీసుకుంటూ కూర్చున్నాను. ఇప్పటికీ ఎవరైనా డీడీఆర్2 కొత్తగా చేద్దామనుకుంటే ఏమవుతుంది? చిప్‌లు 300 మిల్లీమీటర్ల గుండ్రటి సిలికాన్ పలక మీద తయారవుతాయి. పలకను ఫ్యాక్టరీ మొత్తం తిప్పడానికి వందల మెట్లు, వారాల సమయం. కొత్త పద్ధతిలో గీతలు సన్నం, కాబట్టి అదే పలక మీద ఎక్కువ బిట్లు (0 లేదా 1 దాచే గదులు) పడతాయి. పాత డిజైన్‌లో గీతలు లావు, బిట్లు తక్కువ. పలకకు అయ్యే ఖర్చు తక్కువ బిట్ల మీద పంచితే ఒక్కో బిట్ ఖరీదెక్కుతుంది. పైగా అదే లైన్ మీద కొత్త రకం చేస్తే ఎక్కువ లాభం వస్తుందని తెలిశాక పాతదానికి చోటు ఎవరిస్తారు? అందుకే పాత రకం కొత్తగా చేసినా అగ్గువ కాదు.

సీటీసీలో మూడంతస్తులు ఎక్కి దిగి ఆరు డీడీఆర్2 రెండు జీబీ స్టిక్‌లు సంపాదించాను, 300 చొప్పున 1,800. డీడీఆర్3 నాలుగు జీబీవి రెండు, 900. ఇవి జీ41 మెషీన్లకు.

వచ్చేముందు ఒక కౌంటర్‌లో 8 జీబీ డీడీఆర్3 స్టిక్ 400కే కనిపించింది. హెచ్61కి వేద్దామని తీసుకున్నాను. బేరం దొరికిందన్న సంతోషంలో లేబుల్ సరిగ్గా చదవలేదు.

జూన్ 29, ఆదివారం

కష్టమైన రోజు.

400 స్టిక్ హెచ్61లో పెట్టాను. గాటు సరిపోయింది, క్లిప్పులు టక్కున పడ్డాయి. పవర్ నొక్కితే ఫ్యాన్ తిరిగింది, తెర మీద ఏమీ లేదు. తీసి వెలుతురులో చూస్తే, వరసగా ఉన్న మెమరీ చిప్‌ల నడుమ ఇంకో చిన్న చిప్ వేరే ఆకారంలో. అది రిజిస్టర్. ఇది సర్వర్ ర్యామ్. సర్వర్లలో ఒక బోర్డుకు పదీ ఇరవై స్టిక్‌లు పెడతారు కాబట్టి ఆ బరువు కంట్రోలర్ మీద పడకుండా ఈ రిజిస్టర్ మధ్యలో నిలబడుతుంది. మామూలు డెస్క్‌టాప్ బోర్డుకు దానితో మాట్లాడటం రాదు.

అది 400కే ఎందుకు వచ్చిందో అప్పుడు బోధపడింది. పెద్ద పెద్ద డేటా సెంటర్లు సర్వర్లు మార్చినప్పుడు ఇట్లాంటివి వేలకొద్దీ బయటికొస్తాయి. కొనేవాళ్ళు మాత్రం పాత సర్వర్ ఉన్నవాళ్ళు మాత్రమే. అదే డీడీఆర్3, అదే వయసు, మామూలు ర్యామ్‌లో సగం ధర కూడా లేదు. వయసు ఒక్కటే ధరను తేల్చేదైతే ఇట్లా ఉండదు. ఆ సరుకు పట్టే స్లాట్లు ఎన్ని ఇంకా బతికి ఉన్నాయి, ఆ సరుకు ఎంత మిగిలి ఉంది, ఈ రెండిటి మధ్య లాగులాటే ధర. ఈ 400 చందాలో రాయలేదు, నా జీతంలోంచి.

అంతటితో అయిపోలేదు. 4 జీబీ డీడీఆర్3 స్టిక్‌లు జీ41లో పెడితే పొడుగు బీప్, ఆగి మళ్ళీ బీప్. రెండో స్టిక్‌దీ అదే పాట. తుడిచాను, స్లాట్ మార్చాను, బ్యాటరీ తీసి పెట్టాను. రాత్రి తొమ్మిది దాకా టెన్షన్. అవే స్టిక్‌లు హెచ్61లో పెడితే మొదటిసారికే లేచింది. స్టిక్‌లు మంచివే. అయితే తప్పు ఎక్కడ?

కోడలే పట్టుకుంది. "అత్తమ్మా, మన పాత 2 జీబీ దానికి రెండు దిక్కుల చిప్‌లున్నయ్, దీనికి ఒక్క దిక్కే ఉన్నయ్."

అదే సంగతి. ఎనిమిది గిగాబిట్లు ఒక జీబీ. 4 జీబీని రెండు రకాలుగా కట్టొచ్చు. 2 గిగాబిట్ల చిప్‌లు పదహారు, రెండు వైపులా ఎనిమిదేసి. లేదా 4 గిగాబిట్ల చిప్‌లు ఎనిమిది, ఒకే వైపు. పెద్ద చిప్‌లో వరసలు ఎక్కువ. వరస నంబరు చెప్పడానికి 2 గిగాబిట్ల చిప్‌కి 15 బిట్లు చాలు, 4 గిగాబిట్ల చిప్‌కి 16 కావాలి. జీ41 వచ్చిన నాటికి ఇంత పెద్ద చిప్‌లు మార్కెట్‌లో లేవు, దానికి ఆ పదహారో బిట్ చెప్పడం రాదు. ఇంటి నంబర్లు 999 దాకానే రాయగలిగే పుస్తకంలో వెయ్యో ఇల్లు ఎక్కించినట్టు.

జులై 1, మంగళవారం

హన్మకొండ షాపులో అడిగాను: "అన్నా, పదహారు చిప్‌ల 4 జీబీ డీడీఆర్3 ఉందా?"

"జీ41 కోసమా అక్కా? ఉంది. 750."

ఎనిమిది చిప్‌లది 450. పదహారు చిప్‌లది 750. రెండూ డీడీఆర్3, రెండూ 4 జీబీ, వేగమూ ఒకటే. వాటిలో పాత కట్టుబడిదే పిరం. ఎందుకంటే ఎనిమిది చిప్‌లది కొత్త బోర్డులకే సరిపోతుంది, వాటికి సరుకు బోలెడు. పదహారు చిప్‌లది అన్నిటికీ సరిపోతుంది, పాత బోర్డులవాళ్ళకు ఇదొక్కటే దారి. డీడీఆర్2, డీడీఆర్3 మధ్య చూసిందే ఒక్క తరం లోపల కూడా జరుగుతోంది. ఈ డైరీలో నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది ఇదే.

ఒకటే కొన్నాను, 750. రెండు జీ41లలో ఒకదాని స్లాట్ ఒకటి కాలి నల్లగా ఉంది, మిగిలిన ఒక్క స్లాట్‌లోనే 4 జీబీ పట్టాలి కాబట్టి దానికి తప్పదు. రెండో జీ41లో ముందే ఉన్న 2 జీబీకి ఈ మొదటిదాంట్లోంచి తీసిన 2 జీబీ తోడు వేశాను. నాలుగైంది, ఖర్చు లేదు. సీటీసీ నుంచి తెచ్చిన 4 జీబీ ఒకటి హెచ్61కి. ఇంకోటి మిగిలింది, దాని పని తర్వాత చెబుతాను.

జులై 6, ఆదివారం

రెండు రాత్రులుగా ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ ప్రోగ్రామ్ నడుస్తోంది. పది డీడీఆర్2 స్టిక్‌లలో ఒకటి రెండో రౌండ్‌లో ఎర్రగీతలు చూపించింది. అయిదో జీ31 మెషీన్‌లో నిన్న రాత్రి సగం టెస్ట్‌లో కరెంటు పోయి, వచ్చాక మొదటినుంచి.

కరెంటు పోతే అన్నీ ఎందుకు మర్చిపోతుందని కోడలు అడిగింది. ర్యామ్‌లో ఒక్కో బిట్ చార్జ్ నిలవ ఉంచే ఒక చిన్న కెపాసిటర్, దానికి కాపలా ఒక ట్రాన్సిస్టర్. ఐబీఎంలో రాబర్ట్ డెన్నార్డ్ కనిపెట్టిన అమరిక, 1968లో పేటెంట్ వచ్చింది. అరవై ఏళ్ళు కావస్తున్నా, డీడీఆర్5 లోపల కూడా ఉన్నది అదే. ఆ కెపాసిటర్ కారే కుండలాంటిది. ఈ పాత స్టిక్‌లలో మామూలుగా 64 మిల్లీసెకన్లలోపు ప్రతి వరసనూ చదివి మళ్ళీ నింపాలి. నింపేవాడు ఆగితే కుండలు ఖాళీ.

పాడైన స్టిక్ షాపు అన్న మాట్లాడకుండా మార్చి ఇచ్చాడు.

జులై 13, ఆదివారం

ఆరో జీ31 బోర్డు ఉండుండి ఆగిపోతోంది. ప్రాసెసర్ పక్కన నిలబడ్డ కెపాసిటర్లు మూడింటి నెత్తి పూరీలా పొంగి ఉంది, ఒకదాని మీద గోధుమరంగు జిగురు ఎండిపోయింది. కెపాసిటర్లు మార్చి చూశాను. రెండు గంటలు నడిచి మళ్ళీ ఆగింది.

ఇక్కడ కూర్చుని ఒక లెక్క వేశాను. పాత ర్యామ్ ధర ఎక్కడిదాకా పోగలదో ఈ లెక్కలోనే ఉంది.

జీ31 మెషీన్‌ని 4 జీబీకి తేవాలంటే రెండు స్టిక్‌లు, 600 నుంచి 700. దాన్ని పూర్తిగా వదిలేసి తరం మార్చాలంటే హెచ్61 బోర్డు 1,900, వాడిన ఐ3 450. పాత కూలర్ పట్టదు, బోర్డు మీద రంధ్రాల దూరం మారిపోయింది, కాబట్టి కూలర్ 200. మొత్తం 2,550, పైన డీడీఆర్3 450. మూడు వేలు.

అంటే డీడీఆర్2 రెండు స్టిక్‌లు 700 కాక 1,500 అయినా మా లాంటివాళ్ళం తిట్టుకుంటూ కొంటాం, ఎందుకంటే రెండో దారి ఖరీదు మూడు వేలు. అమ్మేవాడికి ఇది తెలుసు. పాత ర్యామ్‌కి పై హద్దు పక్కనున్న కొత్త ర్యామ్ ధర కాదు. కంప్యూటర్ లోపలి సామానంతా మార్చడానికి అయ్యే ఖర్చు. ఆ హద్దు దాటిన రోజున ఎవరూ కొనరు, అప్పుడు బోర్డూ ర్యామూ కలిసి తుక్కులోకి పోతాయి.

మరి డీడీఆర్3 ఇంత అగ్గువ ఎందుకున్నట్టు? దాని రోజు ఇప్పుడు నడుస్తోంది కాబట్టి. రెండో తరం నుంచి నాలుగో తరం దాకా ఇంటెల్ మెషీన్లు ఆఫీసుల నుంచి లారీలకొద్దీ దిగుతున్నాయి. డీడీఆర్2 ఆ దశ ఎప్పుడో దాటేసింది. దాంట్లో 4 జీబీ స్టిక్‌లు దాని కాలంలోనే అరుదు. అప్పుడు అందరూ కొన్నది 1 జీబీ, 2 జీబీ. తక్కువ పుట్టినవి ఇప్పుడు ఎక్కువ ఎట్లా దొరుకుతాయి?

ఆరోదానికి తరం మార్చాలనే నిర్ణయించాం. బోర్డు చచ్చింది కాబట్టి ఇక అది తప్పదు. 2,550. సీటీసీ నుంచి తెచ్చి మిగిలిన 4 జీబీ స్టిక్ దీనికే.

జులై 20, ఆదివారం

ఊరికి వచ్చాను. గదికి సున్నం వేస్తున్నారు. దుబాయిలో ఉన్న మా ఊరి అబ్బాయి ఒకడు పదో మెషీన్ కోసం డబ్బు పంపాడు, ఆరో తరం ఐ5 ఆఫీస్ మెషీన్. అందులో ఉన్నది ఒక్కటే డీడీఆర్4 స్టిక్, 4 జీబీ. దానికి 8 జీబీ వేద్దామని జూన్ మొదట్లో కొత్తదాని రేటు అడిగితే 1,550 అన్నారు. మొన్న అడిగితే 2,150. అదే కౌంటర్‌లో డీడీఆర్5 8 జీబీ 2,050.

డీడీఆర్4 ఇంకా కొత్తగా తయారవుతూనే ఉంది. దుమ్ముపట్టిన తుక్కు కాదు. అయినా పిరమైంది. ప్రపంచంలో ర్యామ్ చిప్‌లలో ఎక్కువ భాగం చేసేది ముగ్గురే: సామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. వాళ్ళు డీడీఆర్4 తగ్గించుకుంటూ లైన్లను డీడీఆర్5కి, ఏఐ సర్వర్లలో వాడే హెచ్‌బీఎం మెమరీకి మళ్ళిస్తున్నారు. ఇక రాదన్న కబురు వినగానే కావలసినవాళ్ళు ముందే కొని పెట్టుకున్నారు. ఈ జూన్‌లో అప్పటికప్పుడు కొని అమ్మే స్పాట్ మార్కెట్‌లో డీడీఆర్4 చిప్ ధర అదే సైజు డీడీఆర్5 చిప్‌ని దాటిపోయింది.

అరుగు మీద కూర్చుని ఇదంతా కోడలికి చెబుతుంటే బాపు విన్నాడు. ఆయనకు కంప్యూటర్ ముట్టుకోవడం తెలియదు.

"గిండ్ల ఏమున్నది బిడ్డా. నిరుడు మిర్చికి రేటు పడిపాయె. ఈసారి అందరు పత్తికి పోయిండ్రు. భూమి గదే, ఏసిన పంట వేరు. వచ్చే ఏడు మిర్చి కావాలన్నోడు ఎనుమాముల మార్కెట్ అంత తిరగాలె."

కోడలు నోట్‌బుక్‌లో "భూమి" అన్నచోట "సిలికాన్ పలక" అని రాసుకుంది. నేను నెల రోజులుగా చెప్పింది దానికి అప్పుడు పూర్తిగా అందింది.

8 జీబీ కొనలేదు. వాడిన 4 జీబీ డీడీఆర్4 ఇంకోటి చూసి వేద్దాం, మొత్తం ఎనిమిది అవుతుంది.

ఆగస్టు 3, ఆదివారం

తొమ్మిదీ నడుస్తున్నాయి. హన్మకొండ నుంచి ఆత్మకూరు మీదుగా అదే టాటా ఏస్‌లో తెచ్చాం, దారంతా కోడలు వెనక కూర్చుని మానిటర్లు పట్టుకుంది. మానిటర్లు ఎనిమిదే కదా, తొమ్మిదోది మా ఇంట్లోది. పదోదానికి మానిటర్ వచ్చాక బిగిస్తాం. మింట్ ఎక్కించిన ప్రతి మెషీన్‌లో టెర్మినల్ తెరిచి మెమరీ చూశాను. మొదటి జీ31లో బ్రౌజర్, అందులో అయిదు ట్యాబులు, పక్కన తెలుగులో టైపు చేసిన ఒక దరఖాస్తు. ఆగలేదు.

లెక్క: డీడీఆర్2 పది స్టిక్‌లు 3,200. డీడీఆర్3 నాలుగు జీబీవి మూడు 1,650. హెచ్61 బోర్డు, ఐ3, కూలర్ 2,550. సీమాస్ బ్యాటరీలు (బోర్డు మీది బిళ్ళ బ్యాటరీలు) తొమ్మిది 225. ఒక ఎస్‌ఎంపీఎస్ (సీపీయూకి కరెంటు సప్లై చేసే పెట్టె) 600. థర్మల్ పేస్ట్ 120. మొత్తం 8,345. చందాలో మిగిలింది 3,655, యూపీఎస్ బ్యాటరీలకు పక్కన పెట్టాం.

జీ31 మెషీన్లలోంచి తీసిన 1 జీబీ డీడీఆర్2 స్టిక్‌లు ఆరు మిగిలాయి. యాంటీస్టాటిక్ కవర్లలో వేసి, ఏ చిప్‌లవో పైన రాసి, బీరువాలో పెట్టాను.

ఆగస్టు 10, ఆదివారం

మధ్యాహ్నం పిల్లలు మాక్ టెస్టు రాస్తుండగా ఊరి చివర వే బ్రిడ్జి నడిపే ఆయన బండి మీద వచ్చాడు. కాంటా దగ్గరి కంప్యూటర్ పొద్దుటి నుంచి బీప్ కొడుతోంది, నాలుగు లారీలు ఆగి ఉన్నాయి. "అమ్మా, మీ దగ్గర పాత సామాన్ ఉన్నదట గద" అన్నాడు.

పోయి చూశాను. కాంటా లెక్క ఇచ్చే తీగ సీరియల్ పోర్ట్‌కి పెట్టి ఉంది, సాఫ్ట్‌వేర్ పాత విండోస్ ఎక్స్‌పీ మీద నడుస్తోంది. మెషీన్ మారిస్తే సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్ళను మళ్ళీ పిలవాలి. మూత తీస్తే ఒక్కటే స్టిక్, డీడీఆర్2, 1 జీబీ. రబ్బరుతో తుడిచాను, లేవలేదు. బీరువాలోంచి తెచ్చిన కిమోండా స్టిక్ పెట్టాను. ఒక్క బీప్ కొట్టి లేచింది. మొదటి లారీ కాంటా ఎక్కింది.

ఎంత అని అడిగాడు. మీ ఇష్టం, యూపీఎస్ బ్యాటరీలకు పోతుంది అన్నాను. అయిదు వందల నోటు చేతిలో పెట్టాడు. తక్కువైందేమోనని ఇంకో వంద తీయబోతే వద్దన్నాను.

తిరిగొచ్చాక కోడలు చందా పుస్తకంలో జమ రాసింది: వే బ్రిడ్జి, 1 జీబీ డీడీఆర్2, 500. ఆ పక్కనే జూన్ నాటి కాగితం తీసి చూసుకుంది. ఇంతవరకూ రాసుకున్న రేట్లలో జీబీకి అన్నిటికన్నా ఎక్కువ ఇదే.